ఒకరు కోస్తే ఒకరు ఎంచుకోవాలి

సంచి సర్దడం అయిపోయిందనుకున్న ప్రతిసారీ అక్కకి ఇంకొకటి గుర్తొచ్చేది. తువ్వాళ్ళు, మెత్తటి చెప్పులు, దువ్వెన, కళ్ళజోడు, ఆ కళ్ళజోడు పగిలితే పెట్టుకోవడానికి పాత కళ్ళజోడు. పుస్తకాలు రెండు. ఒకటి చదవనిది, ఒకటి ఇదివరకే చదివింది. బాగైతే చదవనిది చదువుకోవచ్చు. చదివింది ఎందుకంటే, మధ్యలో తనకేమన్నా అయినా చివరికి ఏం జరిగిందో తెలియలేదన్న బెంగ ఉండదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మరదలు ఇక ఆగలేకపోయింది.

"వదినా, ఆసుపత్రికా, అరణ్యవాసానికా?"

"వెళ్ళేదాన్ని నేను కాబట్టి నీకు నవ్వొస్తోంది. కడుపు తీసేస్తారమ్మాయ్. కడుపులోది కాదు, కడుపే."

"తీసేశాక పంపించేస్తారుగా. అక్కడే ఉంచేసుకుంటారా ఏంటి?"

"నన్నా, కడుపునా?"

"ఇద్దర్నీ!"

మరదలికి నవ్వులాటగా ఉంది కానీ అక్క అప్పటికే అందరి దగ్గరా సెలవు తీసేసుకుంది. పక్కింటావిడకి తన ఉన్ని దుప్పటి ఇచ్చి, "నా గుర్తుగా ఉంచుకోండి" అని కన్నీళ్ళు పెట్టుకుంది. పక్కింటావిడ కూడా ఏడ్చి, ఏడుస్తూనే దుప్పటి మందం వేళ్ళతో చూసుకుంది. కుండీల్లో మొక్కలకి ఏ పూట ఎన్ని నీళ్ళు పొయ్యాలో మరదలికి అప్పజెప్పింది. ఫ్రేముల మూలలకి జిగురు ఎంత పల్చగా కలపాలో కూడా నేర్పింది. పైనుంచి కిందికి దిగే మెట్ల పక్క కమ్మీని ఆ వారంలో ఎన్నిసార్లు నిమిరిందో. చిన్నప్పటి నుంచీ ఆవిడకి ఎవరు ఎక్కడికి బయల్దేరినా గుండెల్లో రాయి పడేది. ఇప్పుడు బయల్దేరేది తనే కావడంతో ఆ రాయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు.

తమ్ముడు పైకొచ్చి సంచి ఎత్తి, మళ్ళీ కింద పెట్టాడు.

"ఇందులో అద్దపు పలకలేమన్నా పెట్టావా అక్కా? నడుం విరిగేట్టుంది."

రోజంతా అద్దపు పలకలు మోసే మనిషి. ఆ సంచి అతనికో లెక్క కాదు. అక్కని నవ్వించాలని అన్నాడు. అక్క నవ్వలేదు, అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో దిగులుంది, ప్రేమ ఉంది, వాటి వెనక దాచినా దాగని ఇంకో కళ ఉంది. గండం పక్కనుంచి దాటిపోయినవాడి కళ. ఆవిడని నెల రోజులుగా నిద్రపోనివ్వనిది ఆ కళే. ఆపరేషన్ గురించి ఆవిడ భయం సగమే, మిగతా సగం తమ్ముడి గురించి. అతను రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకోవాలి. చేయించుకోనంటున్నాడు.

వాళ్ళది అద్దాల కొట్టు. తండ్రి పెట్టింది. కిటికీలకీ తలుపులకీ అద్దాలు కోసి బిగించడం, ఫొటోలకీ ముఖం చూసుకునే అద్దాలకీ ఫ్రేములు కట్టడం వాళ్ళ పని. కోత తమ్ముడిది, ఫ్రేములు అక్కవి. తండ్రికి మాట తక్కువ, న్యాయం ఎక్కువ. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ రొట్టె ముక్క కోసం జుట్లు పట్టుకుంటే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఒకరు కోయాలి, ఇంకొకరు ఎంచుకోవాలి. పెద్దది కాబట్టి కత్తి అక్క చేతికిచ్చాడు. ఎంచుకునేది తమ్ముడు. దాంతో అక్క చెయ్యి కొలబద్ద అక్కర్లేనంత సమంగా కోయడం నేర్చుకుంది. తమ్ముడి కన్నేమో, ఎంత సమంగా కోసినా ఆవగింజంత పెద్ద ముక్క ఎటుందో పట్టడం నేర్చుకుంది.

తండ్రి పోయాక ఇల్లు కూడా అలాగే పంచుకున్నారు. పై అంతస్తు, మేడ, మంచి ఎండ ఒక వాటా. కింద భాగం, వెనక పెరడు ఒక వాటా. కొట్టు మాత్రం ఇద్దరిదీ. గీత అక్క గీసింది, తమ్ముడు కింద భాగం ఎంచుకున్నాడు. పెళ్ళి చేసుకోని అక్క ఒక్కతీ పైన, తమ్ముడు పెళ్ళాం, కూతురితో కింద. మోకాళ్ళు సలిపినప్పుడల్లా మెట్ల మధ్యలో ఆగి అక్క ఆ ఎంపిక గుర్తు చేసుకునేది. కానీ గీత గీసింది తనే కదా, ఎవర్నని ఏం లాభం? వీధిలో ఆస్తుల దగ్గర కొట్టుకునేవాళ్ళకి వీళ్ళిద్దర్నీ చూపించి బుద్ధి చెప్పేవాళ్ళు. అది విన్నప్పుడు ఇద్దరికీ గర్వంగా ఉండేది.

వాళ్ళ తల్లి కడుపులో కాన్సర్ వచ్చి పోయింది. మేనమామ కూడా అలాగే పోయాడు. అమ్మమ్మ "కడుపునొప్పితో" పోయిందని చెప్పుకునేవాళ్ళు. ఆ రోజుల్లో జబ్బులకి అంతకన్నా పెద్ద పేర్లు ఉండేవి కావు. తల్లి వేళకి తినేది కాదు, అందుకని. మేనమామ పొగలు కక్కే టీ తాగేవాడు, అందుకని. అమ్మమ్మకి మనోవ్యాధి. ప్రతి చావుకీ ఇంట్లో ఒక కారణం సిద్ధంగా ఉంది. ఏ రెండు కారణాలూ కలవలేదు కాబట్టి ఆ చావుల్ని కూడా ఎవరూ కలిపి చూడలేదు.

కలిపి చూసింది మేనమామ కూతురు. వేరే ఊళ్ళో ఉంటుంది. ఆమెకి జబ్బు చేస్తే అక్కడి డాక్టర్లు రక్తం తీసి, ఒక జన్యువులో తేడా ఉందనీ, అది తరాల నుంచి వస్తోందనీ తేల్చారు. ఫోన్ చేసి, "వదినా, మీరిద్దరూ కూడా చూపించుకోండి. సగం సగం అవకాశం అంటున్నారు" అంది.

అక్క ఫోన్ పెట్టేసి ఆ మాటే తమ్ముడికి చెప్పింది. ఆ ఇంట్లో పెరిగిన ఇద్దరికి సగం అంటే ఇంకో అర్థం లేదు. ఉన్నది ఇద్దరు. ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు.

ముందు అక్క వెళ్ళింది. వెళ్ళేముందు మనసులో ఒకటే అనుకుంది. నాకే రానీ. తనకి వెనకా ముందూ ఎవరూ లేరు, వాడికి పెళ్ళాం ఉంది, పిల్ల ఉంది. తలుపు గాలికి కొట్టుకున్నా ఉలిక్కిపడే మనిషి, ఆ రక్తం ఇచ్చి వచ్చాక ఫలితం తెలిసేదాకా హాయిగా నిద్రపోయింది.

ఆసుపత్రిలో ఇలాంటి సంగతులు విడమరిచి చెప్పడానికి ఒక చిన్న వయసు అమ్మాయి ఉండేది. "మీకు ఆ తేడా ఉందమ్మా" అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పగానే అక్క భోరున ఏడ్చింది. అమ్మాయి నీళ్ళ గ్లాసు అందించింది.

"పర్లేదు తల్లీ. ఇది బాధ కాదు. మా తమ్ముడికి లేదు, అంతే చాలు."

"ఆయన కూడా పరీక్ష చేయించుకున్నారా?"

"ఎందుకూ? సగం అన్నారుగా. ఇద్దరం ఉన్నాం. నాకొచ్చేసింది."

అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతులుంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మీ అమ్మగారి దగ్గరున్న రెంటిలో ఒకటి సరైంది కాదు. బిడ్డ పుట్టినప్పుడల్లా ఆవిడ ఆ రెంటిలో ఒకటి ఇచ్చారు. మీరు పుట్టినప్పుడు ఒకటి ఇచ్చారు. మీ తమ్ముడుగారు పుట్టినప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలు. చెడ్డది మీకు ఇచ్చేశానని అప్పుడు గుర్తుండదు."

"తల్లికి గుర్తుండదా?"

"ఒంటికి గుర్తుండదమ్మా."

అక్క పక్కన పెట్టిన గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. తర్వాత, ఆ తేడా అసలు ఏం చేస్తుందని అడిగింది. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే జిగురులాంటిది ఒకటి ఉంటుందనీ, ఆ జిగురు తయారీ ఈ జన్యువు పనేననీ, మంచి ప్రతి కూడా ఎప్పుడన్నా పాడైతే ఆ చోట కణాలు పట్టు తప్పి చెదిరిపోతాయనీ అమ్మాయి చెప్పింది. ఫ్రేములు కట్టే మనిషికి ఇది ఇట్టే అర్థమైంది.

"మూలలో జిగురు సరిగ్గా పట్టకపోతే ఫ్రేము ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. ఊడకుండా ఉన్నా ఉండొచ్చు."

"అంతేనమ్మా. వచ్చి తీరుతుందని కాదు. కానీ మామూలు వాళ్ళకన్నా చాలా చాలా ఎక్కువ. పైగా ఈ రకం కాన్సర్ గడ్డలా కనపడదు. పొర కింద అక్కడక్కడా చుక్కల్లా ఉంటుంది. గొట్టంలోంచి కెమెరా వేసి చూసినా దొరక్కపోవచ్చు. అందుకే ముందే కడుపు తీయించుకోమంటారు."

తను సంతోషంగా నెత్తికెత్తుకున్న మోత తమ్ముడి నెత్తి మీంచి దించింది కాదని ఆ పూట ఆవిడకి తెలిసింది. ఇంటికొచ్చేసరికి అతను కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎర్రబడ్డ కళ్ళు చూసి, "నీకేనా?" అన్నాడు. ఆవిడ తలూపింది. అతను ఆవిడని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని అన్నాడు:

"జన్మలో మొదటిసారి నువ్వు ముందు ఎంచుకున్నావక్కా."

"అది కాదురా. ఆ అమ్మాయి ఏం చెప్పిందంటే..."

ఏం చెప్పిందో ఆవిడ చెప్పింది. ఆ రోజు చెప్పింది, మర్నాడు చెప్పింది, చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అతను నిమ్మకు నీరెత్తినట్టు విని, చివర్లో ఒకటే అనేవాడు. "నాన్న పద్ధతి ఎప్పుడన్నా తప్పిందా?"

చివరికి అతన్ని వెంటబెట్టుకుని ఆ అమ్మాయి దగ్గరికే తీసుకెళ్ళింది. అమ్మాయి బొమ్మలు గీసింది, ఓపిగ్గా చెప్పింది, లాభం లేక పర్సులోంచి ఒక నాణెం తీసింది.

"చూడండి సార్. బొమ్మ పడితే తేడా వచ్చినట్టు, బొరుసు పడితే రానట్టు. ముందు మీ అక్కగారు." ఎగరేసింది. బొమ్మ. "చూశారా, ఆవిడకి వచ్చింది. ఇప్పుడు మీకు వేస్తాను. ఇందాక ఏం పడిందో ఈ నాణేనికి తెలియదు. అదే మీరు గమనించాలి."

ఎగరేసింది. నాణెం బల్ల అంచుకి తగిలి, దొర్లుకుంటూ వెళ్ళి అలమర పక్కన పడింది. తమ్ముడే లేచి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి చూశాడు.

"బొరుసు! చెప్పానా?"

"కాదు సార్, ఇది ఉదాహరణ."

"ఉదాహరణే కానివ్వండి. వేసింది మీరు, పడింది నాకు."

"ఇంకోసారి వేస్తాను, చూడండి."

"మీకు నచ్చింది పడేదాకా వేస్తారా ఏంటండీ?"

అక్క నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మాయి నాణెం పర్సులో వేసేసుకుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఎవరికీ నాణెం ఎగరేసి చూపించలేదట. తమ్ముడు మాత్రం దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాడు.

అదీ సంగతి. అందుకే సంచి సర్దుతున్నంతసేపూ అక్కకి చేతులు ఆడలేదు.

ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళేముందు ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆకుపచ్చ గౌను, నెత్తిన ప్లాస్టిక్ టోపీ. ఆ వేషంలో పెద్దరికం చూపించడం కష్టమే.

"ఒరేయ్, నేను తిరిగి రాకపోతే నువ్వు రక్తం ఇవ్వాలి. ఒట్టెయ్యి."

"రాకపోవడమేంటి అక్కా..."

"ఒట్టు వేస్తావా, మంచం దిగి వచ్చెయ్యమంటావా?"

"సరే, ఒట్టు. నువ్వు తిరిగి రాకపోతే ఇస్తాను."

ఆవిడ తృప్తిగా కళ్ళు మూసుకుంది. తెల్లారి కళ్ళు తెరిచాక, ఒళ్ళంతా గొట్టాల మధ్య, తను బతికే ఉన్నందుకు సంతోషించడానికి ముందు ఆవిడకి తట్టిన మొదటి ఆలోచన, అయ్యో, ఒట్టు పోయింది, అని.

పోయింది కూడా. చూడ్డానికి వచ్చిన తమ్ముడు మంచం పక్కన కూర్చుని, కళ్ళు మెరుస్తుండగా, "వచ్చేశావుగా! రాకపోతేనే కదా ఇస్తానన్నది" అన్నాడు.

అంత ఘనంగా వీడ్కోలు చెప్పించుకుని తిరిగి రావడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఆవిడ ఆటో దిగేసరికి పక్కింటావిడ ఉన్ని దుప్పటి పిట్టగోడ మీద ఎండేస్తోంది. అక్కని చూసి, గబగబా దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. "మీ గుర్తుగా భలే వెచ్చగా ఉందండీ," అంది, చాలా ప్రేమగా. ఆ చలికాలం అక్క రెండు పల్చటి దుప్పట్లు కలిపి కప్పుకుంది.

కడుపు లేకుండా బతకొచ్చని వీధిలో ఎవరూ నమ్మలేదు. డాక్టర్లు గొంతు నుంచి దిగే ఆహారపు గొట్టాన్ని నేరుగా పేగుకి కలిపేశారు. పిట్టలా కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు తినాలి. బాగా నమిలి తినాలి. అప్పుడప్పుడూ ఒక విటమిన్ సూది వేయించుకోవాలి. ఎక్కువ తింటే కళ్ళు తిరిగేవి, తక్కువ తింటే కాళ్ళు వణికేవి. కొలతలు తెలిసిన మనిషి కాబట్టి నెమ్మదిగా లెక్క కుదిరింది. కింద భోజనానికి కూర్చుంటే ఆవిడ కంచంలో మిగిలింది తమ్ముడు తన కంచంలోకి ఒంపుకునేవాడు.

"నీ వాటా కూడా నేనే తినాలి కదా. మనది రాళ్ళు తిన్నా అరిగే కడుపు."

"ఆ కడుపు గురించేరా నా ఏడుపంతా."

"మళ్ళీ మొదలెట్టకక్కా."

తీసేసిన కడుపుని ముక్కలు కోసి పరీక్ష చేస్తే, కెమెరాకి ఏమీ కనపడని చోట, పొర కింద కాన్సర్ చుక్కలు దొరికాయి. ఇంకా పాకలేదు, సమయానికి తీశాం అన్నాడు డాక్టరు. దీంతోనన్నా తమ్ముడు దారికొస్తాడని అక్క ఆశపడింది. అతను కొట్టులో అద్దం మీద కట్టర్‌తో గీత లాగుతూ విన్నాడు. గీత పూర్తయ్యాక పలకని బల్ల అంచుకి ఆనించి, ఒక్క నొక్కు నొక్కి రెండు చేశాడు.

"చూశావా మరి? ఉన్నది నీ దగ్గరేనని రుజువైంది."

"నా దగ్గర ఉన్నంత మాత్రాన..."

"అక్కా, అద్దం కొనడానికొచ్చినాయనకి నీ కడుపు కథ ఎందుకు?"

కొనడానికొచ్చినాయన అప్పటికే మొత్తం విన్నాడు. "పాపం, మీ అక్కగారు మీ గండం కూడా తనే తీసుకున్నారు," అన్నాడు. తమ్ముడు తడి కళ్ళతో తలూపాడు. అతను ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మనస్ఫూర్తిగా చెప్పేవాడు. అక్కని దేవతని చేసి కూర్చోబెట్టాడు. దేవత మాట మాత్రం పెడచెవిన పెట్టాడు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తమ్ముడి కూతురు చదువు ముగించి, ఒక కంటి డాక్టరు దగ్గర కళ్ళజోళ్ళకి కొలతలు తీసే పనిలో చేరింది. నోట్లో మాట దాచుకోని పిల్ల. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు, కంచంలోంచి తలెత్తకుండా అంది:

"అత్తా, నేను రక్తం ఇచ్చొచ్చాను. నాకూ ఉందట."

మరదలి చేతిలో గరిటె ఆగింది. "నీకెలా వస్తుందే? ఉన్నది మీ అత్తకి కదా!"

"అత్తకుంటే నాకెలా వస్తుందమ్మా? అత్త కన్నదా నన్ను?"

తమ్ముడు నోట్లో ముద్ద నమలడం మానేశాడు. ముగ్గురు ఆడవాళ్ళూ అతని వైపే చూస్తున్నారు. అతను ముద్ద మింగి, నీళ్ళు తాగి, ఎన్నో ఏళ్ళుగా నమ్ముకున్న లెక్కని ఇంకొక్కసారి నిలబెట్టడానికి ప్రయత్నించాడు.

"అంటే... నా దగ్గరున్నది నీకిచ్చేశానన్నమాట. ఇక నా దగ్గర ఏం..."

"నాన్నా, నాకు నీ కళ్ళు వచ్చాయని అందరూ అంటారుగా. నీ కళ్ళు పోయాయా?"

అతను లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున అక్క గదికి మెట్లెక్కి వచ్చాడు. మామూలుగా కింద నుంచే కేకేసే మనిషి. వచ్చి మంచం మీద కూర్చుని, చాలాసేపు ఆయాసం తీర్చుకుంటున్నట్టు నటించాడు.

"అక్కా, నేను తీయించేసుకుంటే దానికి తగ్గుతుందా?"

"తగ్గదురా."

"అది నా దగ్గర్నుంచి తీసుకెళ్తున్నట్టు నాకు తెలియను కూడా తెలియలేదే!"

"అమ్మకి మాత్రం తెలుసా?"

అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మెడ మీద కాలర్ సగం మడత లోపలికి పోయి ఉంది. అక్క దాన్ని సరిచేసింది.

"సరే, రక్తం ఇస్తాను. ఏమన్నా ఇస్తాను," అన్నాడు.

ఇచ్చాడు. ఉన్నట్టే తేలింది. మీ అమ్మాయి ఇంకా చిన్నదే, క్రమం తప్పకుండా కెమెరా వేయించుకుంటూ కొంతకాలం ఆగొచ్చు, మీరు మాత్రం ఆగకండి అన్నాడు డాక్టరు. అతని కడుపులో కెమెరా వేసి చూశారు. ఏమీ కనపడలేదు. తేదీ ఇస్తామన్నారు. అప్పుడు తమ్ముడు గొంతు సవరించుకుని, కొత్త బడి ఒకటి కడుతున్నారనీ, దాని కిటికీలన్నిటికీ అద్దాల పని తనే ఒప్పుకున్నాననీ, అది అయ్యాక వస్తాననీ చెప్పాడు. డాక్టరు మంచిది కాదన్నాడు. అతను దణ్ణం పెట్టి వచ్చేశాడు.

"ఆ పని ఇంకెవరన్నా చేస్తారు కదరా," అంది అక్క.

"నా కొలతలు ఇంకొకడికేం పనికొస్తాయి? బడి అక్కా. పిల్లలు చేతులు పెట్టే చోట అంచులు నున్నగా లేకపోతే ఎలా?"

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ గొంతు చించుకునేది. కానీ ఇన్నేళ్ళ పోరు తర్వాత ఒప్పుకున్న మనిషి, గట్టిగా లాగితే మళ్ళీ మొదటికొస్తాడేమోనని తగ్గింది. పైగా కెమెరాలో ఏమీ కనపడలేదన్నారు కదా. తనకీ కనపడలేదని, అయినా చుక్కలున్నాయని తెలిసిన మనిషే ఆ మాట అనుకుంది. ఉప్పు ఎక్కువైందని, గొళ్ళెం సరిగ్గా పడలేదని, వానొచ్చేలా ఉందని జీవితమంతా కంగారు పడ్డ మనిషి, ఒక్క ఆ కొద్ది నెలలే నెమ్మదిగా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని బడి కిటికీల చెక్కలకి పుట్టీ కూడా పూసింది. అక్కాతమ్ముళ్ళలా కాదు, చిన్నప్పుడు నాన్న పక్కన ఆడుకున్న ఇద్దరు పిల్లల్లా ఆ పని చేశారు. అతను అద్దం బిగిస్తూ పాత సంగతులు చెప్పి నవ్వించేవాడు. ఆవిడ నవ్వితే పుట్టీ పక్కకి పోయేది, తిట్టేది.

ఆ రోజుల్లోనే తమ్ముడు తిండి తగ్గించాడు. రెండు ముద్దలు తిని చాలనేవాడు.

"ఏంటండీ, వంట బాలేదా?" అనేది మరదలు.

"అలవాటు చేసుకుంటున్నానే. రేపు అక్కలాగా పిట్ట తిండే కదా."

ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నారు. ఎలా నమలాలో, గంటకోసారి ఏం తినాలో అక్క దగ్గరుండి నేర్పింది. ప్యాంటు వదులైతే, నాజూగ్గా తయారవుతున్నావని ఏడిపించింది కూడా. బెల్టుకి కొత్త కన్నం అతనే మేకుతో పొడుచుకున్నాడు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర ఒంగి, కాసేపు అలాగే ఉండేవాడు. కొలత చూసుకుంటున్నాడనుకుంది అక్క.

చివరి అద్దం బిగించాక, మాటిచ్చిన ప్రకారం ఆసుపత్రిలో చేరాడు. ఆపరేషన్ రోజు అక్క, మరదలు, మేనకోడలు బయట బల్ల మీద కూర్చున్నారు. అక్కకి చేసినప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఈసారి టీ తాగి వచ్చేసరికే డాక్టరు బయటికొచ్చేశాడు.

"అప్పుడే అయిపోయిందా!" అని మరదలు సంతోషంగా లేచింది.

అక్క లేవలేదు. తొందరగా అయిపోతే దాని అర్థమేంటో ఎక్కడో చదివింది. పొట్ట లోపలి పొరంతా పాకిపోయిందనీ, తీసి లాభం లేదనీ, తెరిచి చూసి మళ్ళీ కుట్టేశామనీ డాక్టరు చెప్పాడు. కాస్త ముందు వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి, ముగ్గురి ముఖాలూ చూసి ఆ వాక్యం పూర్తి చేయలేదు.

తమ్ముడికి మత్తు దిగాక, అక్క పక్కన కూర్చుంది. అతను చేత్తో పొట్ట తడుముకుని, కట్టు చూసుకుని, ఆవిడ వైపు తిరిగాడు.

"తీసేశారా అక్కా?"

"ఊఁ," అంది అక్క.

"అయితే ఇప్పుడు ఇద్దరం సమానం," అన్నాడు. నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

అతని కూతురికి ఆ తర్వాతి ఏడు కడుపు తీశారు. ఆమె ఇంటికి తిరిగొచ్చి, మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోంది. అక్క ఇంకా పై అంతస్తులోనే ఉంది. తమ్ముడు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో, రెండో మంగళవారం మధ్యాహ్నం, అక్కడే పోయాడు.